హన్మకొండలో బాత్రూం గ్రాబ్ బార్లు పెట్టించాం: రాడ్డు సరే, మీ గోడ ఏందో తెలుసా?

గ్రాబ్ బార్ అంటే పెద్దవాళ్లు పట్టుకొని లేవడానికి గోడకు బిగించే రాడ్డు. ముందే చెప్తున్నా, ఇది రాడ్డు గురించి కన్నా ఎక్కువగా దాన్ని గోడకు బిగించిన పని గురించిన రివ్యూ. రాడ్డుకు ఐదులో నాలుగు, బిగించిన పనికి ఐదుకు ఐదు, వాళ్లు చెప్పిన టైముకు రావడానికి మాత్రం రెండే ఇస్తాను. కొన్నది హన్మకొండ చౌరస్తా దగ్గరి ఒక శానిటరీ సామాన్ల షాపులో, బిగించింది ఆ షాపు వాళ్లే పంపిన ఫిట్టర్, ఆయన వెంట ఒక హెల్పర్ పిల్లవాడు.

మా బాపుకు డెబ్బై దాటింది. కుడి మోకాలు ఆపరేషన్ అయింది, ఎడమది ఇంకా చేయించలేదు. గదిలో, హాల్లో కర్ర పట్టుకొని బాగానే తిరుగుతాడు, మా టెన్షనంతా బాత్రూం దగ్గరే. తడి టైల్స్, సబ్బు నీళ్లు, కమోడ్ మీద నుంచి లేవడం, స్నానం స్టూలు మీద నుంచి లేవడం. నయీంనగర్‌లో మాది పాత ఇల్లు, తర్వాత తర్వాత గదులు కలుపుకుంటూ పోయిన ఇల్లు. అందుకని ఒకే బాత్రూంలో కూడా గోడలన్నీ ఒక్క తీరుగా లేవు, ఈ పనిలో అసలు కథంతా అక్కడే ఉంది.

ఇంతకుముందు నల్లా రిపేరుకు వచ్చిన ఒక ప్లంబర్ కమోడ్ పక్కన ఒక రాడ్డు బిగించి పోయాడు. చూడ్డానికి గట్టిగానే ఉండేది. కొన్ని నెలలు పోయాక గోడకు ఆనుకొని ఉండే గుండ్రటి బిళ్ల దగ్గర సన్నగా కదలడం మొదలైంది, ఆ తర్వాత ఒకరోజు బాపు లేస్తూ గట్టిగా పట్టుకునేసరికి పై వైపు స్క్రూలు ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా ఊడి వచ్చాయి. పక్కనే గోడ ఉండబట్టి దానికి ఆనుకొని ఆగాడు, లేకపోతే ఎక్కడ తగిలేదో తలుచుకుంటేనే భయమేస్తుంది. అసలు రాడ్డే లేకపోతే మనిషి తన జాగ్రత్తలో తను లేస్తాడు. రాడ్డు ఉందనే ధైర్యంతో బరువంతా దాని మీద వేశాక అది ఊడితే ఇంక ఆపేది ఏమీ ఉండదు. సరిగ్గా బిగించని రాడ్డు కన్నా లేకపోవడమే నయం అని నేను అనేది ఇందుకే.

ఆ ఊడిన స్క్రూను కొత్త ఫిట్టర్‌కు చూపిస్తే చేతిలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి, "అక్కా, గీ స్క్రూ టవల్ రాడ్డుకు సరిపోతది, మనిషిని ఆపదు" అన్నాడు. ఆయన చెప్పిన లెక్క ఇది, మీరు కూడా మీ ఇంట్లో వేసి చూసుకోండి. టైలు మందం 8 ఎం.ఎం. దాకా ఉంటుంది. దాని వెనుక టైలు అతికించిన సిమెంటు ముప్పావు ఇంచు అటూ ఇటూ. దాని వెనుక గోడ ప్లాస్టరింగు ఇంకో అర ఇంచు. అంటే ఇటుక మొదలయ్యేసరికే దాదాపు ఒకటిన్నర ఇంచులు అయిపోయింది. మా పాత రాడ్డుకు వేసిన స్క్రూ మొత్తం పొడవే ఒకటిన్నర ఇంచులు, అందులోనూ కొంత ఆ స్టీలు బిళ్ల మందానికే పోయింది. అంటే ఇన్ని నెలలు అది ఇటుకను ముట్టుకోకుండా ఉత్త టైలునూ సిమెంటునూ పట్టుకొని ఆగిందన్నమాట. స్క్రూ ఇటుకలోకి దాదాపు రెండు ఇంచులు దిగాలి అని ఆయన పట్టు, అందుకని డబ్బాలో వచ్చిన స్క్రూలు పక్కన పడేసి, 10 ఎం.ఎం. పొడుగు నైలాన్ ప్లగ్గులు, మూడున్నర ఇంచుల స్టెయిన్‌లెస్ స్క్రూలు వేరే తెప్పించాడు. స్క్రూ కూడా స్టెయిన్‌లెస్‌దే ఉండాలి, మామూలు ఇనుప స్క్రూ బాత్రూంలో లోపల లోపలే తుప్పు పట్టి తినేస్తుంది, బయటికి మెరుస్తున్న బిళ్ల తప్ప ఏమీ కనబడదు.

ఆయన పని చేసిన తీరు కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే వేరే వాళ్లతో చేయించుకున్నా ఇవే చూసుకోవాలి. డ్రిల్ బయటికి తీయకముందే గోడంతా వేలి కణుపులతో కొట్టి విన్నాడు. టైలు వెనుక సిమెంటు నిండుగా లేని చోట డొల్ల శబ్దం వస్తుంది. టైలు నాలుగు మూలలకు నాలుగు ముద్దలు పెట్టి అతికించే మేస్త్రీలు ఉంటారు, అలాంటి చోట డ్రిల్ పెడితే టైలు పగులుతుంది, స్క్రూ బిగించినా లోపలికి నొక్కుకుపోయి పగులుతుంది. తర్వాత గోడ లోపల పైపులు ఎటు నుంచి ఎటు పోతున్నాయని అడిగాడు. మా అదృష్టం, బాత్రూంలో టైల్స్ వేయకముందు మా తమ్ముడు గోడల ఫొటోలు తీసి పెట్టాడు, అవి ఫోన్లో చూపించాను. ఫొటోలు లేని వాళ్లకు ఆయన చెప్పేది, నల్లాకూ షవర్‌కూ గీజర్‌కూ నేరుగా పైన, కింద, మధ్యలో ఎక్కడా డ్రిల్ పెట్టొద్దని. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న వాళ్లు టైల్స్ వేసే ముందు ఒక్కసారి కొలత టేపు పెట్టి ఫొటోలు తీసి దాచుకోండి, పైసా ఖర్చు లేదు.

టైలుకు బొక్క పెట్టేటప్పుడు గుర్తు పెట్టిన చోట మాస్కింగ్ టేపు అంటించి, డ్రిల్‌లో హ్యామర్ (గుద్దుతూ తిరిగే సెట్టింగు) ఆపేసి, టైలు బిట్టుతో నిదానంగా, పిల్లవాడు పక్కనుంచి కొద్దికొద్దిగా నీళ్లు పోస్తుంటే పెట్టాడు. టైలు దాటాకనే బిట్టు మార్చి హ్యామర్ పెట్టాడు. మొదటి నుంచే హ్యామర్ పెట్టి గుద్దుతున్నారంటే అక్కడే ఆపండి. బిట్టుకు ఎంత లోతు పోవాలో అక్కడ టేపు చుట్టుకున్నాడు, లేకపోతే నాలుగున్నర ఇంచుల గోడలో అవతలి గదిలోకి తేలుతుంది.

నేను దగ్గరే నిలబడి చూశాను. బొక్కలోంచి ముందు తెల్లటి పొడి వచ్చింది, అది టైలు. తర్వాత బూడిద రంగు పొడి, అది సిమెంటు. అది చాలాసేపు వచ్చింది, నేను అనుకున్నదాని కన్నా ఎక్కువసేపు. ఆ తర్వాత పొడి ఎర్రగా మారింది. "ఇగో, ఇటుక తగిలింది" అన్నాడు. అక్కడి నుంచి లోతు లెక్కపెట్టుకున్నాడు. ఎర్ర పొడి రావడం మొదలైన చోటు నుంచే అసలు బలం మొదలు, అంతకుముందు పెట్టిన బొక్క అంతా దారి మాత్రమే. ప్లగ్గును కూడా టైలు లెవెల్‌కు వదిలేయకుండా ఇటుక దాకా లోపలికి దిగగొట్టాడు, టైలు దగ్గరే ప్లగ్గు ఉబ్బితే టైలు చీలుతుందట. బొక్కలో దుమ్మును చిన్న పంపుతో ఊది, లోపల కొంచెం సిలికాన్ వేసి, అప్పుడు ప్లగ్గు పెట్టాడు. నీళ్లు లోపలికి దిగి గోడ చెమ్మ పట్టకుండా అన్నమాట.

ఇక రెండో గోడ. స్నానం చేసే వైపు గోడ తర్వాత కట్టింది, మాకు ఆ సంగతి తెలుసు కానీ దేంతో కట్టారో గుర్తు లేదు. అక్కడ బూడిద రంగు పొడి వచ్చింది, వచ్చింది, ఎరుపు రానే లేదు, ఉన్నట్టుండి డ్రిల్ లోపలికి జారింది. లోపల ఖాళీ ఉండే సిమెంటు బ్లాకు. ఆయన వెంటనే ఆపేశాడు. వేరే ఎవరైనా అయితే ఒక పెద్ద ప్లగ్గు కొట్టి, స్క్రూ తిప్పి, గట్టిగానే ఉందమ్మా అని పైసలు తీసుకొని పోయేవాళ్లు. ఈయన, "దీంట్ల ప్లగ్గు పట్టుకోనీకి ఏం లేదక్కా, ఇయ్యాల బిగిస్తే రేపు బాపు పడతడు, కెమికల్ పెట్టాలె, అది తెచ్చుకొని వస్త" అని ఆ పని అట్లాగే వదిలి పోయాడు. నేను ఐదు స్టార్లు ఇచ్చింది ఈ ఒక్క మాటకే.

కెమికల్ యాంకర్ అంటే రెండు రకాల మందు వేర్వేరుగా ఉండే ట్యూబు, గన్నులో పెట్టి నొక్కితే ముక్కు దగ్గర కలిసి బయటికి వస్తుంది. మొదట వచ్చింది వాడకుండా అట్ట మీద పారబోసి, రంగు అంతా ఒకే తీరుగా వచ్చాక వాడాలి. బ్లాకు ఖాళీగా ఉంటే మందు లోపలికి జారిపోతుంది కాబట్టి ముందు ఒక జాలీ గొట్టం దోపి, దాన్ని మందుతో నింపి, అందులోకి మరలు ఉన్న స్టీలు కడ్డీని తిప్పుతూ దింపుతారు. మందు జాలీలోంచి బయటికి ఉబ్బి బ్లాకు లోపలి వైపు గడ్డకట్టి పట్టుకుంటుంది. ఎండినాక దానికి రాడ్డు పెట్టి నట్టు బిగిస్తారు. బొక్కలో దుమ్ము ఉంటే మందు దుమ్మును పట్టుకుంటుంది తప్ప గోడను పట్టుకోదు, అందుకని బ్రష్షుతో రుద్ది, ఊది, మళ్లీ రుద్దాడు. తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి రాడ్డు తగిలించకుండానే వెళ్లాడు, మర్నాడు వచ్చి నట్లు బిగించాడు.

ఇప్పుడు కట్టే అపార్ట్‌మెంట్లలో చాలా చోట్ల తెల్లటి లైట్‌వెయిట్ బ్లాకులు వాడుతున్నారు. వాటిలో డ్రిల్ వెన్నలో దిగినట్టు దిగుతుంది, పొడి లేత బూడిద రంగులో మెత్తగా వస్తుంది. వాటికి మామూలు ప్లగ్గులు, గోడను లోపలి నుంచి చీల్చుకొని బిగుసుకునే ఇనుప యాంకర్ బోల్టులు రెండూ పనికిరావు. ఆ బ్లాకుల కోసమే వచ్చే ప్లగ్గులు గానీ కెమికల్ గానీ పెట్టాలి. ఎర్ర ఇటుకలో కూడా అంచుకు దగ్గరగా యాంకర్ బోల్టు బిగిస్తే ఇటుక పగులుతుంది. అవి కాంక్రీటు పిల్లరుకు, బీముకు సరైనవి. కాబట్టి ఫిట్టర్‌ను రేటు అడగడానికి ముందు, మా గోడ ఏ రకమో ఎట్లా కనుక్కుంటావు, ఆ గోడకు ఏం పెడతావు అని అడగండి. జవాబు చెప్పే పద్ధతిలోనే మనిషి పనితనం తెలిసిపోతుంది.

ఎత్తు సంగతి. అమెరికా లెక్కల ప్రకారం అడ్డంగా పెట్టే రాడ్డు నేల నుంచి 33 నుంచి 36 ఇంచుల ఎత్తులో ఉండాలి, 250 పౌండ్ల బరువుకు, అంటే 113 కిలోలకు ఆగాలి. బరువు సంగతి సరే గానీ ఎత్తు మాత్రం మన ఇంట్లో మనిషిని బట్టి చూసుకోవాలి. బాపు షవర్ కింద నిలబడడు, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చొని బకెట్‌లో నీళ్లు చెంబుతో పోసుకుంటాడు, మన దగ్గర పెద్దవాళ్లు ఎక్కువమంది అంతే. నిలబడి స్నానం చేసేవాళ్ల ఎత్తులో రాడ్డు పెడితే కూర్చున్న మనిషికి చేయి పైకి చాచి వేలాడాల్సి వస్తుంది, లేవడానికి పనికిరాదు. అందుకని ఫిట్టర్ బాపును పొడి నేల మీద స్టూలు వేసి కూర్చోబెట్టి, "తాతా, ఇప్పుడు లెవ్వు, చెయ్యి ఏడికి పోతే ఆడ పెట్టు" అని, చెయ్యి పడ్డ చోట పెన్సిల్‌తో గీత పెట్టాడు. అక్కడ నిలువు రాడ్డు పెట్టించాం, కింద పట్టుకొని లేస్తూ చేయి పైకి జరుపుకోవచ్చు. కమోడ్ పక్కన ఏటవాలుగా పెట్టించాం. లోపలికి అడుగుపెట్టే దర్వాజ పక్కన ఇంకో నిలువుది, ఎందుకంటే బాత్రూం నేల గది కన్నా రెండు ఇంచులు కిందికి ఉంటుంది, ఆ ఒక్క అడుగు దగ్గరే బాపు తడబడేది.

ఇక రాడ్డు. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు, 18 ఇంచులు, 32 ఎం.ఎం. లావు, ఒక్కో చివర మూడు స్క్రూల బిళ్ల. ఈ లావు పిడికిట్లో సరిగ్గా ఇముడుతుంది, షాపులో ఇంకా సన్నవి కూడా చూపించారు గానీ వాటికి పట్టు దొరకలేదు. గోడకూ రాడ్డుకూ మధ్య ఖాళీ ఒకటిన్నర ఇంచులు ఉండాలి, అంతకన్నా తక్కువైతే వేళ్లు పట్టవు, బాగా ఎక్కువైతే పట్టు జారినప్పుడు ముంజేయి మొత్తం అందులోకి దూరి ఇరుక్కుంటుంది. మధ్యలో గరుకుగా చేసినదే తీసుకోండి. అద్దంలా మెరిసేది షాపులో బాగుంటుంది, సబ్బు చేతికి జారుతుంది. నాలుగు స్టార్లే ఎందుకంటే బిళ్ల మీద కప్పే మూతలు లూజుగా ఉన్నాయి, ఒకటి రోజూ జారి రాడ్డు మీదికి వస్తోంది. బలానికి సంబంధం లేదు గానీ ఇంత పెట్టి కొన్నప్పుడు అది కూడా సరిగ్గా ఉండాలి.

షాపులో కొందరు అయస్కాంతం పెట్టి, అంటుకోలేదు కాబట్టి ఇది 304 అని చూపిస్తారు. అది నమ్మకండి, 202 గ్రేడుకు కూడా అయస్కాంతం అంటుకోదు. 202లో నికెల్ తక్కువ, మాంగనీస్ ఎక్కువ, ధర తక్కువ, తడి చోట తొందరగా మరకలు పట్టి తుప్పు పడుతుంది. గ్రేడు సరుకు మీదో డబ్బా మీదో అచ్చు వేసి ఉన్నది, బిల్లులో గ్రేడు రాసిచ్చేది చూసి కొనండి. 304 అయినా ఒక్క పని మాత్రం చేయకూడదు. మా వైపు బోరు నీళ్లకు టైల్స్ మీద తెల్లటి ఉప్పు మరకలు కడతాయి, అవి పోవాలని పండుగ ముందు బాత్రూమంతా యాసిడ్ పోసి కడుగుతారు. ఆ యాసిడ్ గానీ దాని ఆవిరి గానీ స్టీలుకు తగిలితే సన్నసన్న గుంటలు పడి అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. మా ఇంట్లో కడగడానికి వచ్చే అక్కకు ఇది గట్టిగా చెప్పాను, రాడ్డును తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెడితే చాలు.

ఆన్‌లైన్‌లో దొరికే వాక్యూం రబ్బరు కప్పుల రాడ్డు గురించి చాలామంది అడుగుతున్నారు. డ్రిల్ లేదు, గోడ పాడు కాదు, నిజమే. కానీ అది టైలు ఎంత నున్నగా ఉంది, కప్పు జాయింటు మీదికి వచ్చిందా అన్నదాని మీద ఆధారపడుతుంది, మెల్లమెల్లగా గాలి ఎక్కి ఎప్పుడు వదిలేస్తుందో చెప్పలేం. పడిపోతున్న మనిషి బరువుకు అది వద్దు. కిరాయి ఇంట్లో ఉండి ఓనరు డ్రిల్ పెట్టనివ్వకపోతే కమోడ్ చుట్టూ నేల మీద నిలబడే స్టీలు ఫ్రేము దొరుకుతుంది, సర్జికల్ సామాన్ల షాపుల్లో అడగండి.

ఖర్చు చెప్పాలంటే రాడ్డు ఒక్కోటి పదకొండు వందల దాకా పడింది. బిగించే కూలి, స్క్రూలు, ప్లగ్గులు విడిగా. కెమికల్ పెట్టిన గోడకు కూలీ సామానూ కలిపి రాడ్డు ధర కన్నా ఎక్కువే అయింది. మా అమ్మ, "రాడ్డు కన్నా బొక్కలకే ఎక్కువ పైసలైనయా బిడ్డా" అని అడిగింది. అయినయ్, అయినా పెట్టాల్సింది అక్కడే.

పని అయినాక ఫిట్టర్ ఒక్కో రాడ్డును రెండు చేతులతో పట్టుకొని వెనక్కి ఒరిగి, తన బరువంతా వేసి చూపించాడు. తర్వాత నన్ను చేయమన్నాడు, తర్వాత మా తమ్ముడిని. మేమందరం లాగి చూశాకే బాపును పట్టుకోమన్నాం. మూడు నాలుగు నెలలకోసారి ఇట్లాగే లాగి చూడమని, బిళ్ల దగ్గర వెంట్రుకంత కదిలినా వాడకం ఆపి ఫోన్ చేయమని చెప్పాడు.

తగ్గించిన స్టార్ల సంగతి కూడా రాయాలి. పొద్దున పదింటికి అని చెప్పి మధ్యాహ్నం దాటాక వచ్చారు, ఫోన్ చేస్తే దారిలో ఉన్నాం అనే మాట తప్ప ఇంకోటి లేదు. పెద్దమనిషి స్నానం ఆపుకొని కూర్చుంటాడని ఒక్కసారైనా అనుకోవాలి కదా. సిలికాన్ బిళ్లల చుట్టూ బాగా పూశారు గానీ దర్వాజ పక్కన టైలు మీదికి పూసుకుపోయింది, అది మేమే బ్లేడుతో గీకాం. దుమ్ము ఊడ్చి పెట్టారు గానీ నేల జాలీలోకి పోయిన పొడి అట్లాగే వదిలేశారు, తీయకపోతే లోపల పేరుకుపోయి నీళ్లు ఆగిపోతాయి. మీరు చేయించుకుంటే ముందే జాలీ మీద పాత గుడ్డ కప్పండి.

ఇంటి ముందర మెట్లకు కూడా ఒక పక్క రెయిలింగు కావాలి. అక్కడ గోడకు గ్రానైటు బండ అతికించి ఉంది కాబట్టి బిట్టు వేరే, లెక్క వేరే అని చెప్పి కొలతలు తీసుకొని పోయాడు. ఆ పని కూడా ఈయనకే ఇస్తున్నాం, దసరాకు చుట్టాలు వచ్చేలోపు అయిపోవాలని గట్టిగా చెప్పాను.